మార్జిన్‌లో రాసిన ఒక్క లైను: ఒక డిగ్రీ స్టడీ ప్రాజెక్టు కేస్ స్టడీ

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. పాఠాలతో పాటు చాలా ఏళ్ళుగా విద్యార్థుల స్టడీ ప్రాజెక్టులు చూస్తున్నాను. చరిత్రవే కాదు, అర్థశాస్త్రం, కామర్స్, వృక్షశాస్త్రం, తెలుగు, ఏ శాఖది అయినా బయటికి పంపే ముందు ఒకసారి నా బల్ల మీదికి వస్తుంది. వాటిలో ఒక ప్రాజెక్టు సంగతి ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే బాగా వచ్చిందని కాదు. నేను వేసిన ప్రతి అడుగూ తప్పో ఒప్పో వెంటనే తేలిపోయిన ప్రాజెక్టు ఇది. తోటి గైడ్‌లకు పనికొస్తుందని నా నమ్మకం. ఊరు, కాలేజీ, ఏడాది చెప్పను. మనుషుల వివరాలు కొన్ని మార్చాను. విద్యార్థులకు ఈ రాత చూపించే రాస్తున్నాను.

నేపథ్యం

ఐదుగురు పిల్లలు, బీఏ రెండో సంవత్సరం, తెలుగు మీడియం. నలుగురి ఇళ్ళల్లో వ్యవసాయమే. గ్రూపుకు లీడర్‌గా ఉన్న అమ్మాయి వాళ్ళ ఊరి చెరువునే అధ్యయనానికి తీసుకున్నారు. తెలంగాణలో 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేల పైచిలుకు చెరువులను దశలవారీగా బాగు చేయాలన్నది దాని లక్ష్యం. ఈ ఊరి చెరువులో తొలి దశల్లోనే పూడిక, అంటే పొలానికి బలమిచ్చే అడుగు మట్టి, తీశారు. పిల్లలు నా దగ్గరికి వచ్చేనాటికి ఆ పని జరిగి ఆరేళ్ళు దాటింది.

వాళ్ళు తెచ్చుకున్న శీర్షిక: 'మిషన్ కాకతీయ – రైతుల సామాజిక, ఆర్థిక స్థితిగతులపై ప్రభావం: ఒక అధ్యయనం'. ఇలాంటి శీర్షికలు ఏటా చూస్తాను. కామర్స్ వాళ్ళది 'జీఎస్టీ – చిన్న వ్యాపారులపై ప్రభావం: ఒక అధ్యయనం'. వృక్షశాస్త్రం వాళ్ళది 'ఫలానా మండలంలో ఔషధ మొక్కలు: ఒక అధ్యయనం'. తెలుగు వాళ్ళది 'ఫలానా కవి జీవితం, సాహిత్యం: ఒక పరిశీలన'. సబ్జెక్టు ఏదైనా అచ్చు ఒక్కటే. వీటిలో ఎక్కడా ప్రశ్న ఉండదు. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. అయినా ఆ శీర్షిక మీద సంతకం పెట్టాను. పిల్లలకు త్వరగా పని మొదలవ్వాలి, నాకు ఫైలు కదలాలి. ఈ కేసులో నా మొదటి తప్పు అదే.

సమస్య ఎలా కనబడింది

నెల తిరక్కుండానే 34 పేజీల ప్రతి స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చారు. మొదటి ఆరు పేజీలూ కాకతీయుల చరిత్ర. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు, 1213 నాటి రామప్ప గుడి శాసనం, 2021లో ఆ గుడికి యునెస్కో వారసత్వ గుర్తింపు, అన్నీ ఉన్నాయి. తప్పులేమీ లేవు. కాకపోతే ఈ ఊరి చెరువుకూ వాటికీ ముడిపెట్టే వాక్యం ఒక్కటీ లేదు.

పదకొండో పేజీలో ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: 'చెరువు పడకలోని సిల్ట్ యొక్క తొలగింపు ద్వారా కమాండ్ ప్రాంతం యొక్క పెరుగుదల సాధించబడింది.'

ఐదుగురినీ పిలిచి, ఆ లైను చదివించి, "చెరువు పడక అంటే ఏంటమ్మా?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకబ్బాయి, "చెరువు అడుగు భాగం కావచ్చు మేడమ్" అన్నాడు.

"మీ ఊళ్ళో దాన్ని ఏమంటారు?"

"శిఖం" అంది లీడర్ అమ్మాయి. ఆలోచించుకోలేదు, వెంటనే అనేసింది.

"కమాండ్ ప్రాంతం?"

"ఆయకట్టు మేడమ్."

"మరి అవే రాయొచ్చు కదా?"

"అవి ఊరి మాటలు కదా మేడమ్. ప్రాజెక్టుల రాస్తరా?"

నెట్‌లో ఇంగ్లీషులో దొరికింది ఫోన్‌లో అనువాదం చేసి ఎత్తి రాశామని వాళ్ళే చెప్పారు. దాచిపెట్టాలన్న ఆలోచన కూడా వాళ్ళకు లేదు. ప్రాజెక్టు రాయడం అంటే అదేనని వాళ్ళు నిజంగా అనుకుంటున్నారు. నాకు బాధ కలిగించింది వేరే సంగతి. చెరువు గట్టు మీద పెరిగిన పిల్ల, తన నోట్లో ఉన్న మాటను 'చదువు మాట' కాదని పక్కన పెట్టి, తనకే అర్థం కాని మాట తెచ్చి రాసింది. శిఖం, ఆయకట్టు, తరి (నీటి సాగు భూమి), ఖుష్కి (మెట్ట భూమి) అన్నీ రెవెన్యూ రికార్డుల్లో తరతరాలుగా నడుస్తున్న మాటలే. ఆ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నాకు ఒక చిక్కు వచ్చింది. ఇది కాపీయా, కాదా? ఓ యూనివర్సిటీ లైబ్రరీలో తెలిసినవాళ్ళ సాయంతో ఆ ప్రతిని సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాను. పోలిక 4 శాతం అని వచ్చింది. యూజీసీ 2018 నిబంధనలు పరిశోధన రచనలను 10 శాతం దాకా తప్పు పట్టవు. ఆపైన 40, 60 శాతాల దగ్గర మెట్లు పెట్టి శిక్ష పెంచుకుంటూ పోతాయి. ఆ కొలతలో ఈ ప్రతి శుభ్రంగా ఉన్నట్టే. అందులో వింత లేదు. సాఫ్ట్‌వేర్ మాటల వరసను పోల్చి చూస్తుంది. యంత్రం అప్పటికప్పుడు అనువదించిన తెలుగు వాక్యం అంతకుముందు ఎక్కడా ఉండదు, అందుకే పట్టుబడదు. అంకెను నమ్మి వదిలేయనా, చెవిని నమ్మి వెనక్కి పంపనా? చెవినే నమ్మాను. ఎందుకంటే, రాసినవాళ్ళే తమ వాక్యాన్ని తిరిగి చెప్పలేకపోతున్నారు. నాకు అంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. కానీ దాన్ని నేరంగా చూడలేదు. రాయడం ఎవరూ నేర్పని పిల్లల పనిగా చూశాను. ఆ నిర్ణయం సరైందేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మొదటి ప్రయత్నం

అయితే సరైన నిర్ణయం తర్వాత సరికాని పని చేశాను. గంటన్నర క్లాసు తీసుకున్నాను. గ్రంథచౌర్యం అంటే ఏమిటి, ఉటంకింపు ఎలా పెట్టాలి, ఆధారాలు ఎలా చూపాలి, బోర్డు నిండా రాశాను. "ప్రతి అధ్యాయానికీ రెఫరెన్సులు ఉండాలి" అని చెప్పి పంపాను.

రెండో ప్రతి వచ్చింది. చివర 22 రెఫరెన్సులు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. రచయిత పేరు, ఏడాది, పత్రిక పేరు, సంపుటి, పేజీ నంబర్లు. నాకు ఆసక్తిగా అనిపించిన ఒక వ్యాసం చదువుదామని వెతికాను. దొరకలేదు. సిద్ధాంత గ్రంథం అని ఉన్నదాని కోసం, పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటులో చూశాను. అక్కడా లేదు. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే ఏడింటికి ఎక్కడా ఆనవాలు లేదు. అడిగితే, "ఏఐ చాట్‌బాట్‌ను రెఫరెన్సులు ఇయ్యమన్నం మేడమ్, ఇచ్చింది" అన్నారు.

వాళ్ళను తిట్టబోయి ఆగాను. నేను అడిగింది రెఫరెన్సులు, వాళ్ళు తెచ్చింది రెఫరెన్సులు. చదవమని నేను అడగలేదు. ఏం తెలుసుకోవడానికి చదవాలో అసలే చెప్పలేదు. ప్రశ్న లేని విద్యార్థికి ఆధారం అంటే చివరి పేజీలో ఉండాల్సిన వరస, అంతే. రూపం గురించి మనం ఎంత గట్టిగా చెప్తే అంత చక్కని రూపం వస్తుంది. లోపల ఏమీ ఉండదు.

ఇది చెరువుల ప్రాజెక్టుకే పరిమితం కాదు. ఒక కామర్స్ బృందం వస్తువుల వ్యాపారంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు పరిమితి 40 లక్షల టర్నోవర్ అని నెట్ నుంచి ఎత్తి రాసింది. 2019లో చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు అయిన మాట నిజమే. తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయిన రాష్ట్రాల్లో ఒకటి. ఆ పిల్లలు అధ్యయనం చేశామన్నది తమ సొంత వీధిలోని కిరాణా కొట్లనే. ఒక్క కొట్టాయనతో కూర్చుని మాట్లాడి ఉంటే ఆ తప్పు రాకపోను.

రెండో ప్రయత్నం

నెట్‌ను వదిలించాలంటే ఊరికి పంపాలి అనుకున్నాను. ఆలోచన మంచిదే. పంపిన తీరు బాగాలేదు. పాత ప్రాజెక్టులో నుంచి ఒక ప్రశ్నావళి తీసి, నాలుగు మాటలు మార్చి, 30 ప్రశ్నలతో 50 ప్రతులు జిరాక్స్ తీయించి ఇచ్చాను. వయసు, విద్యార్హత, కుటుంబ ఆదాయం, భూమి విస్తీర్ణం, 'మిషన్ కాకతీయ పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా? అవును / కాదు / చెప్పలేను'.

మూడు రోజుల్లో యాభై కాగితాలూ నిండి వచ్చాయి. యాభై మందీ సంతృప్తిగానే ఉన్నారు. ఆదాయం గడిలో గుండు అంకెలు. ఒకే నీలం పెన్ను, ఒకే ఒత్తిడి. వరసగా ఇరవై కాగితాలు బల్ల మీద పరిస్తే ఒక చెయ్యి కూర్చుని నింపిందని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

ఈసారి కోప్పడే ముందు, "మొదటి రోజు ఏం జరిగింది?" అని అడిగాను. నిజం చెప్పారు. నాట్లు పడుతున్న రోజులు. రైతులు పొలాల్లో ఉన్నారు. కాగితం, పెన్ను పట్టుకుని వెళ్తే "ఏ ఆఫీసు నుంచి వచ్చిన్రు?" అన్నారు. భూమి ఎంత అని అడగ్గానే ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. పాస్‌పుస్తకాల గొడవలు చూసిన ఊళ్ళో భూమి లెక్క అడిగేవాడిని ఎవరు నమ్ముతారు? ఒక్కో కాగితానికి ముప్పావు గంట పట్టింది. సాయంత్రానికి ఆరుగురు అయ్యారు. మిగతా నలభై నాలుగూ హాస్టల్లో నింపారు.

అప్పుడు నా ముందు మూడు దారులు. మొత్తం పారేయించి శిక్ష వేయడం, చూసీ చూడనట్టు సంతకం పెట్టడం, లేదా ఆ ఆరూ ఏవో బయటికి తీయించడం. మూడోది ఎంచుకున్నాను. శిక్ష వేస్తే తర్వాతిసారి ఇంకొంచెం తెలివిగా, నాలుగు రంగుల పెన్నులతో నింపుతారు. ఆ ప్రశ్నావళి నేను ఇచ్చింది, ఆ సీజన్లో పంపింది నేను. అందుకని, "నిజమైన ఆరూ తీసి నా చేతిలో పెట్టండి, మిగతావి మీరే చించేయండి" అన్నాను.

ఆ ఆరింటిలో ఒక కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మూలకు బురద మరక, మడత దగ్గర చిరిగింది. పదిహేడో ప్రశ్న 'పూడిక మట్టి మీ పొలానికి వేయించుకున్నారా?' దగ్గర 'లేదు' అని టిక్కు. 'ఎందుకు' అని అడిగే గడి నా ప్రశ్నావళిలో లేదు. చోటు లేక, పక్కన మార్జిన్‌లో కాగితం అడ్డం తిప్పి, సన్నగా రాసుకుంది ఆ అమ్మాయి: 'కౌలు. మట్టి కొట్టిస్తే వచ్చే ఏడు నాకే ఇస్తడని ఏం నమ్మకం అన్నడు.'

"ఇది ఎందుకు రాశావమ్మా?" అని అడిగాను.

"మా నాయిన గూడ గదే అంటడు మేడమ్" అంది. వాళ్ళకు సొంతం ఎకరంన్నర, కౌలుకు రెండెకరాలు. సొంత ఎకరంన్నరకు మట్టి తోలించారు, కౌలు చెక్కకు తోలించలేదు. రెండూ పక్కపక్కనే ఉంటాయట. ఆ అమ్మాయి రోజూ చూసే పొలాలే. 34 పేజీల్లో ఎక్కడా ఆ సంగతి లేదు.

మలుపు

ఆ రోజే శీర్షిక మార్చేశాం. కొత్తది: 'మా ఊరి చెరువు పూడిక మట్టి ఎవరి పొలాలకు చేరింది, ఎవరి పొలాలకు చేరలేదు?'

ఈ ప్రశ్నను ఎందుకు పట్టుకున్నామో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ కేసులో అసలు నిర్ణయం ఇదే. ఆ పథకంలో చెరువులో మట్టి తవ్వించే ఖర్చు ప్రభుత్వానిది. దాన్ని పొలానికి తోలించుకునే ఖర్చు రైతుది. అంటే మట్టి ఎవరికి చేరిందన్నది రైతు నిర్ణయాన్ని బట్టి, జేబును బట్టి మారుతుంది. కాబట్టి కనుక్కోవడానికి ఏదో ఉంది, జవాబు ముందే తెలిసిన ప్రశ్న కాదు. రెండోది, ఐదుగురు పిల్లలు కాలినడకన తేల్చగలిగినంత చిన్నది. మూడోది, దీనికి జవాబు నెట్‌లో లేదు. ఏ చాట్‌బాట్‌కూ తెలియదు. కాపీ కొట్టకండి అని నేను ఇక చెప్పనక్కర్లేదు, కొట్టడానికి ఏమీ లేదు. నాలుగోది నాకు చాలా ముఖ్యం. 'సంతృప్తిగా ఉన్నారా' అంటే రైతు తప్పుకుంటాడు. 'మట్టి ఎన్ని ట్రిప్పులు కొట్టించారు' అంటే కూర్చుని లెక్క చెప్తాడు.

కాకతీయుల ఆరు పేజీలు తీసేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. "చెరువుల ప్రాజెక్టుల కాకతీయులు లేకుంటే ఎట్ల మేడమ్?" అన్నారు. "ఈ చెరువును కాకతీయులు తవ్వించారని మన దగ్గర ఆధారం ఉందా?" అన్నాను. లేదు. "ఉంటే పెడదాం" అన్నాను. చరిత్ర టీచరుగా ఆ పేజీలు కొట్టేయడం నాకూ తేలిక కాలేదు. దాని బదులు 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల పాత రెవెన్యూ రికార్డు) నకలు కోసం తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టించాను. చెరువు కింద ఏ సర్వే నంబర్లు తరిగా, ఏవి ఖుష్కిగా నమోదయ్యాయో అందులో చూశారు. తమ ఊరి పేరు డెబ్బై ఏళ్ళ నాటి కాగితంలో చదువుకున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి.

పని చేసినవి

ప్రశ్నావళి పక్కన పెట్టి ఐదుగురికీ తలా ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చాను. ఎడమ పేజీలో చూసింది, విన్నది మాత్రమే రాయాలి. ఎవరు చెప్పారు, ఎక్కడ, ఏ రోజు. కుడి పేజీలో తమకు అనిపించింది. రెండూ కలపకూడదు. మొదటి వారం అందరూ కలిపేశారు. 'పేద రైతు చాలా బాధపడుతూ చెప్పాడు' అని ఎడమ పేజీలో రాసుకొచ్చాడు ఒకబ్బాయి. "బాధపడ్డాడని నీకెలా తెలిసింది?" అని అడిగితే, "బీడీ ఆర్పేసి ఊకున్నడు మేడమ్" అన్నాడు. "అయితే అదే రాయి" అన్నాను. ఎడమ పేజీ అంటే ఏమిటో ఆ ఒక్క మాటతో ఐదుగురికీ తెలిసిపోయింది.

ఊళ్ళో ఎవరి వెంట తిరగాలన్నది తర్వాతి ప్రశ్న. సర్పంచ్ ద్వారా వెళ్తే పని త్వరగా అవుతుంది, కానీ కౌలు సంగతి ఎవరూ నోరు విప్పరు. నీరటి వెంట పంపాను. తూము తీసేది, కాలువ చూసేది ఆయనే కాబట్టి ఏ మడి ఎవరిది, ఎవరు చేస్తున్నారు అన్నది ఆయనకు నోటికి వచ్చు. తూము దగ్గర మొదలుపెట్టి ఆయకట్టు చివరి మడి దాకా రెండు ఆదివారాలు నడిచారు. పిల్లలు వెంట నడుస్తూ బొమ్మ గీసుకున్నారు. కట్ట, రెండు తూములు, మత్తడి (అలుగు), కాలువ, మడులు. మట్టి పడిన మడులకు పెన్సిల్‌తో గీతలు వేశారు.

ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. జరిగి ఆరేళ్ళు దాటింది. జ్ఞాపకం మీద ఎంత ఆధారపడవచ్చు? ఒకాయన అరవై ట్రిప్పులు అన్నాడు, వాళ్ళ అబ్బాయి నలభై అన్నాడు. నోటి మాటను దేనితోనైనా సరిచూడాలి అన్నాను. దేనితో అన్నది నాకూ తట్టలేదు. ఆ దారి పిల్లలే కనుక్కున్నారు. అప్పట్లో మట్టి తోలిన ట్రాక్టరు ఓనరు ఖాతా పుస్తకం దాచుకున్నాడు.

ఆ పుస్తకం నేనూ చూశాను. పొడుగాటి ఖాతా పుస్తకం, అట్ట మీద గ్రీజు వేలిముద్రలు. ఒక్కో పేజీకి ఒక్కో ఇల్లు. పేరు కింద నిలువు గీతలు, నాలుగు గీతలకు ఒక అడ్డగీత. ఒక్కో గీత ఒక ట్రిప్పు. డబ్బు ముట్టినవాళ్ళ పేజీ మీద పెద్ద ఇంటూ గుర్తు. రెండు మూడు పేజీల మీద ఆ గుర్తు లేదు. పిల్లలు ఆ గీతలు లెక్కపెడుతుంటే, క్లాసులో నేను పదిసార్లు చెప్పి ఒప్పించలేకపోయిన మాట చెప్పాను. "ప్రాథమిక ఆధారం అంటే ఇదేనమ్మా. శాసనం ఎంతో ఇదీ అంతే." ఓనరు అనుమతితో ట్రిప్పుల లెక్క మాత్రం రాసుకోనిచ్చాను. బాకీల సంగతి రాసుకోవద్దన్నాను. మనం అడిగిన ప్రశ్నకు అది అక్కర్లేదు, అది ఇంకొకరి ఇంటి సంగతి.

ఇంతా అయ్యాక రాయమంటే మళ్ళీ కొయ్యబారిన తెలుగే వచ్చింది. 'పరిశీలనల ఆధారంగా వెల్లడి అగుచున్నది ఏమనగా' అని మొదలుపెట్టారు. పెన్ను పట్టుకోగానే పిల్లలకు ఇంకెవరో అయిపోవాలనిపిస్తుంది. కాగితాలు మూయించి, "ఊళ్ళో ఏం తేలిందో నాకు చెప్పు, నేను వింటాను" అన్నాను. ఆ అమ్మాయి ఆపకుండా ఏడెనిమిది నిమిషాలు చెప్పింది. ఫోన్‌లో రికార్డు చేసి, అదే వినిపించి, అదే రాయమన్నాను. మొదటి అధ్యాయం అలా వచ్చింది:

'మా ఊరి చెరువు కింద మట్టి తోలించుకున్నవాళ్ళలో ఎక్కువమంది తమ సొంత భూమికే తోలించుకున్నారు. కౌలు భూమికి తోలించినవాళ్ళు తక్కువ. కారణం డబ్బు ఒక్కటే కాదు. సొంత ఎకరానికి ఖర్చు పెట్టిన మనిషే, పక్కనున్న కౌలు ఎకరానికి పెట్టలేదు.'

ఆ చివరి వాక్యం చదివి కుర్చీలోంచి లేచాను. ఒకే మనిషి, ఒకే చెరువు, పక్కపక్క పొలాలు, తేడా హక్కు ఒక్కటే. పెద్ద పరిశోధకులు కష్టపడి వెతుక్కునే పోలిక ఆ అమ్మాయికి తన ఇంటి పొలంలోనే దొరికింది. పూడిక మట్టి బలం ఒక్క పంటతో పోదు, కొన్నేళ్ళు ఉంటుంది. కౌలు మాత్రం ఏడాదికే. వాక్యం ఆ అమ్మాయిదే, నేను ఒక్క కామా పెట్టానంతే.

చదవడం ఆ తర్వాతే మొదలైంది. ఇంతకుముందు చదివి రాయమన్నాను. ఇప్పుడు తెలుసుకోవాల్సింది వాళ్ళకే పుట్టింది. "కౌలు కాగితం ఎందుకు రాసుకోరు మేడమ్?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం చూపించాను. రక్షిత కౌలుదారు అనే మాట అక్కడ ఎదురైంది. కాగితం మీద పేరు పడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని ఓనర్లకు ఉన్న భయం ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళకు అర్థమైంది. అక్కడినుంచి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే 2011 చట్టం, అక్కడినుంచి 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్ళడం, ఒకటి ఇంకోదానికి దారి చూపించింది. చదివిన ప్రతిదానికీ ఒక చీటీ: ఏ పుస్తకం, ఏ పేజీ, అందులో మనకు పనికొచ్చింది ఏంటి, ఇది వాళ్ళ మాటా, మన మాటా. చివరికి రెఫరెన్సులు తొమ్మిదే తేలాయి. తొమ్మిదీ చేత్తో పట్టుకుని చదివినవే.

సర్దుకోలేకపోయినవి

రికార్డు చేసి రాయడం అలవాటయ్యాక ఒకమ్మాయి ఒక రైతు మాటలను పదకొండు పేజీలు పొల్లుపోకుండా దించింది. కష్టపడింది, కానీ అది ఇంకో రకం ఎత్తిరాత. ఏది ఉంచాలో, ఏది వదలాలో నేర్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ అది ఎలా నేర్పాలో నాకు సూటైన దారి దొరకలేదు. పక్కన కూర్చుని ఒక్కో లైను దగ్గర "ఇది మన ప్రశ్నకు జవాబు చెప్తుందా?" అని అడగడం తప్ప.

భాష గురించి గ్రూపులోనే వాదన జరిగింది. అంతా ఊరి మాటలోనే రాద్దామన్నారు ఇద్దరు. అలా వద్దన్నాను. రైతుల మాటలు వాళ్ళ నోట వచ్చినట్టే ఉంచాం. మన విశ్లేషణ మామూలు రాత భాషలో పెట్టాం. ఏది ఎవరు అన్నారో చదివేవాడికి చూడగానే తెలియాలి కదా.

ఫొటోల దగ్గర నేను గట్టిగా అడ్డుపడ్డాను. మార్జిన్‌లో మాట చెప్పిన కౌలు రైతు ఫొటో మొదటి పేజీలో వేద్దామని పిల్లల కోరిక. పేరు లేకపోయినా సరే, 'రెండో తూము కింద రెండెకరాలు చేసే కౌలు రైతు' అంటే ఆ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఓనరు చదివితే వచ్చే ఏడు పొలం ఉండకపోవచ్చు. ఆయన చెప్పిన భయమే మన వల్ల నిజమవుతుంది. ఫొటో తీసేశాం, తూము గుర్తు తీసేశాం, లీడర్ అమ్మాయి వాళ్ళ నాయిన సంగతి కూడా 'ఒక రైతు' అనే రాశాం. దానివల్ల రిపోర్టు కొంచెం చప్పబడింది. పడనీ అనుకున్నాను.

ఐదుగురిలో ఒకబ్బాయి చివరిదాకా టైపింగుకే పరిమితమయ్యాడు. రెండో ఆదివారం నుంచి ఊరికి రాలేదు. వాళ్ళింట్లో పరిస్థితి వేరు, సెలవు రోజున పనికి వెళ్తేనే గడుస్తుంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వారం మధ్యలో ఒక పూట పెట్టుకుని ఉంటే వచ్చేవాడేమో.

రిపోర్టు 14 పేజీలకు వచ్చింది. మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకులు ఒకరు, "ఒక్క ఊరే ఎందుకు? శాంపిల్ చాలా చిన్నది కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్న. "ఇది రాష్ట్రమంతటికీ వర్తిస్తదని మేం అంటలేం సార్. ఒక్క ఊళ్ళె ప్రతి మడికీ పోయి చూసినం. ఇట్లా ఇంకో ఊళ్ళె ఉందో లేదో ఎవరన్న చూడాలె" అంది ఆ అమ్మాయి. ఆయన ఇంకేం అడగలేదు. మార్కులు మామూలుగానే వచ్చాయి, బహుమతి ఏమీ రాలేదు.

వేరే సబ్జెక్టుల్లో

ఈ తీరు చరిత్రకో, అర్థశాస్త్రానికో మాత్రమేనా అని నాకే అనుమానం ఉండేది. తర్వాతి ఏడు వృక్షశాస్త్రం మేడమ్ ఒక బృందంతో ప్రయత్నించారు. ఎప్పటిలా 120 మొక్కల శాస్త్రీయ నామాల పట్టిక బదులు, 'ఈ ఊళ్ళో ఇప్పటికీ ఎవరు ఏ ఆకు వాడుతున్నారు, ఎక్కడ తెంపారు?' అని అడిగారు. మొక్కలు 19 తేలాయి. ప్రతిదానికీ హెర్బేరియం షీటు, అంటే ఎండబెట్టిన మొక్కను అంటించిన కాగితం, ఉంది. ఆ షీటు కింద అంటించే లేబుల్ మీద స్థలం, తేదీ, సేకరించినవారి పేరు ఉంటాయి. అది చూశాక నాకు తట్టింది, మా ఎడమ పేజీ నియమం వృక్షశాస్త్రం వాళ్ళకు ఎప్పటినుంచో ఉందని. తెలుగు శాఖలో మాత్రం ఇంకా కుదరలేదు. కవి గురించి రాసేటప్పుడు నడిచి వెళ్ళే ఊరు ఉండదు. పద్యమే ఊరు అనుకుని, ఒక్క పద్యం దగ్గర కూర్చోబెట్టి చూడాలని ఉంది.

అరవై మంది ఉన్న క్లాసులో ఇది ఎలా చేయాలో నాకు తెలియదు. ఈ ఐదుగురికే నావి పద్నాలుగు వారాలు పట్టాయి.

జీఎస్టీ బృందంలో ఇద్దరు మొన్న మళ్ళీ వచ్చారు. పాత ప్రాజెక్టు అయిపోయింది, మార్కులూ వచ్చేశాయి. ఒక నోటుబుక్ ముందు పెట్టారు. ఎడమ పేజీలో వాళ్ళ వీధి కిరాణా కొట్టాయన చెప్పినవి, తేదీతో సహా ఉన్నాయి. కుడి పేజీ ఖాళీగా ఉంది. "ఇక్కడ ఏం రాయాలో తెలుస్తలేదు మేడమ్" అన్నారు. కూర్చోమన్నాను.